మీరెవరోళ్లు? మన చెంచుల పుట్టుక, గుర్తింపు

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు చెంచుల చరిత్ర మీద ఒక వ్యాసం రాసివ్వమని సంఘం పెద్దలు అడిగారు. చరిత్ర అంటే ముందుగా పుట్టుక చెప్పాలి. ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరి సంతతి, ఎన్నాళ్ల నుంచి ఉన్నాం అని. మేం హయత్‌నగర్‌లో గిరిజన బాలికల హాస్టల్ చూసుకునేవాళ్లం, చరిత్ర ప్రొఫెసర్లం కాము. నల్లమలలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో అక్షరాలు దిద్దుకుని, టీచర్ ట్రైనింగ్ చేసి, ఇట్లా పట్నం అంచుకు వచ్చి పడినవాళ్లం. అయినా 'మనం ఎవరం' అనే ప్రశ్న మాకు కొత్తది కాదు. ప్రతి జూన్‌లో అడ్మిషన్ ఫారాలతో పాటు అదీ వస్తుంది.

ఒక ఏడాది అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఇంటర్‌లో చేరడానికి కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. వెంట మేమూ వెళ్లాం. బల్ల అవతల కూర్చున్నాయన ఫారం చూశాడు, పిల్లను చూశాడు. "చెంచువా? అయితే మీ భాషల రెండు ముక్కలు మాట్లాడు" అన్నాడు. "ఏం మాట్లాడాలె సార్?" అంది పిల్ల. "ఇది తెలుగే గదా! గోండోళ్లకు భాష ఉన్నది, కోయోళ్లకు ఉన్నది, మరి మీదేది?" అని నవ్వాడు. పక్క సీటాయన ఇంకో మాట కలిపాడు, విల్లు పట్టుకోవడం వచ్చా అని. పిల్ల చేతిలో విల్లు లేదు, పదో తరగతి మెమో ఉంది. పత్రం తర్వాత వచ్చింది, అది వేరే సంగతి. తిరిగి వస్తూ ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ పిల్ల అడిగింది, "మేడం, మనకు భాష ఎందుకు లేదు? మనం నిజంగ చెంచులమేనా?" అని. హయత్‌నగర్ దాకా మేం చెప్పింది ఆ పిల్లకు సరిపోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆ రోజు మిగిలిపోయిన జవాబు ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాం.

భాష దగ్గరే మొదలుపెడదాం. చెంచుల భాష తెలుగు. ఇందులో సిగ్గుపడాల్సింది గానీ, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది గానీ ఏమీ లేదు. గోదావరి లోయలోని కొండరెడ్లదీ తెలుగే, నెల్లూరు వైపు యానాదులదీ తెలుగే. వాళ్లూ షెడ్యూల్డ్ తెగలే. తెలుగు అనేది మైదానం ఊళ్లవాళ్ల సొత్తు, అడవిలోవాళ్లు దాన్ని అప్పు తెచ్చుకున్నారు అన్నట్టు మాట్లాడతారు చాలామంది. ఏ గడ్డ ఏ కాలంలో తవ్వాలో, తేనెపట్టుకు ఏ పూట పొగ పెట్టాలో, మొర్రిపండుకూ తునికిపండుకూ కొమ్మ చూసి తేడా ఎట్లా పట్టాలో మన అవ్వలు తెలుగులోనే చెప్పారు. ఆ తెలుగు పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం పుస్తకాల కొరత. టీచర్ ట్రైనింగ్‌లో మాకు 'ఇంటి భాష, బడి భాష' అని ఒక పాఠం ఉండేది. ఇంటి భాష వేరే లిపిలోనో వేరే పేరుతోనో ఉంటేనే దాన్ని భాషగా లెక్కపెట్టడం అప్పటి నుంచే మొదలవుతుందేమో అనిపిస్తుంది.

ఇక పేరు. చెట్టు కింద ఉండేవాళ్లు కాబట్టి చెంచులు అయ్యారని కొందరంటారు. వినడానికి బాగుంటుంది, పోటీ పరీక్షల గైడ్లలో కూడా ఉంటుంది. కానీ ఒక మాట మరో మాటలాగా వినిపించినంత మాత్రాన అందులోంచే పుట్టిందని అనుకోనక్కర్లేదు. మనుస్మృతి పదో అధ్యాయంలో అడవి జంతువులను వేటాడి బతికేవాళ్ల జాబితా ఒకటుంది. అందులో 'చుంచులు' అనే పేరు కనబడుతుంది. అది మనమేనని కొందరు పండితులు రాశారు. అవునో కాదో గానీ, ఆ జాబితాలో చుంచులకు సరిగ్గా ముందు ఉన్న పేరు ఆంధ్రులది. అంటే ఆ పుస్తకం రాసినవాళ్ల చూపులో ఇద్దరూ ఒకే వరుసలో కూర్చున్నారు. మన పుట్టుక గురించి పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్లు ఎదురైనప్పుడు ఈ సంగతి గుర్తు చేయండి, కొంచెం నవ్వుకోవచ్చు.

మన పుట్టుక కథల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనవి రెండు. రెండూ పెళ్లి కథలే. ఒకటి అహోబిలంలోది. హిరణ్యకశిపుణ్ని చంపిన తర్వాత ఉగ్రంగా తిరుగుతున్న నరసింహస్వామి అడవిలో చెంచుపిల్లను చూసి మనసుపడ్డాడు, ఆమె చెంచులక్ష్మి. 1958లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించిన సినిమాతో ఈ కథ ఊరూరికీ చేరింది. రెండోది శ్రీశైలంలోది. వేటకొచ్చిన శివుడు చెంచుపిల్లను పెళ్లాడాడు, అందుకే ఆయన చెంచు మల్లయ్య, మనకు అల్లుడు. అహోబిలంలో సంక్రాంతి తర్వాత పారువేట మొదలవుతుంది. స్వామి నలభై రోజులకు పైగా పల్లకీలో ఊరూరూ తిరిగి, బ్రహ్మోత్సవాల్లో జరిగే తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. ఆ వేడుకలో చెంచులు విల్లంబులతో నిలబడతారు.

ఈ కథలు మనల్ని గౌరవిస్తున్నాయా, మింగేస్తున్నాయా అని హాస్టల్‌లో ఒకసారి డిగ్రీ పిల్లల మధ్య పెద్ద వాదనే జరిగింది. దేవుడు మన ఇంటి అల్లుడు కాబట్టి మనకు విలువ వచ్చిందన్నట్టు ఉంది, మరి అంతకు ముందు మనకు విలువ లేదా అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. మాకు తోచింది ఇది. ఆ కథను గుడి వైపు నుంచి చూస్తే దేవుడు ఒక అడవి పిల్లను ఉద్ధరించాడు. మన గుడిసె వైపు నుంచి చూస్తే సంగతి వేరు. మల్లయ్య వచ్చేసరికే ఆ కొండ మీద మన మామలున్నారు, అత్తలున్నారు, పిల్లనివ్వడానికి ఒక ఇల్లుంది. వచ్చినవాడు ఆయన. అల్లుడు ఎంత గొప్పవాడైనా అత్తగారి ఊరికి చుట్టంగానే వస్తాడు. ఈ కొండలు ముందు ఎవరివో ఆ కథే ఒప్పుకుంటోంది. ఇక మన సొంత మొక్కులు వేరే ఉన్నాయి. గారెల మైసమ్మ ఉంది, లింగమయ్య ఉన్నాడు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి వేలమంది దిగుతారు కదా, అక్కడి గుహలో లింగమయ్యకు పూజ చేసేది ఇప్పటికీ మన చెంచు పూజారులే.

రాతలో మన జాడ దేవుళ్ల కథల కంటే చాలా ఆలస్యంగా దొరుకుతుంది. కల్నల్ కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం వెళ్లి వచ్చి, ఆ గుడి గురించి, దాని చుట్టూ ఉన్న అడవి మనుషుల గురించి రాశాడు. 1840లలో కెప్టెన్ న్యూబోల్డ్ మన మీద ఒక వ్యాసమే రాశాడు, దాని పేరులోనే మనల్ని అడవి జాతి అన్నాడు. 1909లో థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు అందులో మనకూ కొన్ని పేజీలు దక్కాయి. వీటన్నిటిలోనూ ఒక విచిత్రం చూడండి. ఒక పేజీలో మనం భయపెట్టేవాళ్లం, ఇంకో పేజీలో శ్రీశైలం యాత్రికులకు అడవిదారి చూపించి, కాపలా కాసి క్షేమంగా దాటించేవాళ్లం. కృష్ణ ఆవలి ఒడ్డున బ్రిటిష్ పాలనలో మనవాళ్లలో కొందరి మీద 'నేరస్థ తెగ' అనే ముద్ర కూడా పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఈవలి ఒడ్డున నిజాం రాజ్యం, అక్కడ ఆ ముద్ర లేదు. ఒకే కులాలు, ఒకే ఇంటిపేర్లు, ఒడ్డు మారితే మనిషి నేరస్థుడు. 1956లో రెండు ఒడ్లూ ఒక రాష్ట్రంలోకి వచ్చాయి, 2014లో మళ్లీ వేరయ్యాయి. 2011 జనగణనలో రెండు వైపులా కలిపి మనం 64,227 మందిమి. తెలంగాణలో 16,912, ఆంధ్రప్రదేశ్‌లో 47,315. పెళ్లిళ్లకు మాత్రం ఇప్పటికీ నది దాటుతూనే ఉన్నాం.

మన గురించి మొదటిసారి మన పెంటల్లో కూర్చుని రాసినవాడు ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. గోండుల మార్లవాయితో ఆయన పేరు ముడిపడింది కాబట్టి ఆదిలాబాద్ పిల్లలకు ఎక్కువ తెలుసు. కానీ హైదరాబాద్ రాజ్యంలో ఆయన మొదట వచ్చింది మన దగ్గరికే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు, దాంతో బ్రిటిష్‌వాళ్ల నిఘాలో నిజాం రాజ్యంలోనే ఉండిపోయాడు. అలా 1940లో భార్య ఎలిజబెత్‌తో కలిసి అమ్రాబాద్ అడవుల్లో తిరిగాడు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. పేరులో మళ్లీ 'అడవి మనుషులు' అనే మాటే ఉంది. కానీ లోపల పెంటల పేర్లున్నాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఉంది, ఏ గడ్డలు తింటారో ఉంది, చింతపండులో బూడిద కలుపుకుని తినడం కూడా ఉంది. ఆ పేజీ చదివి వినిపించినప్పుడు మా హాస్టల్ పిల్లల నోళ్లలో నీళ్లూరాయి. ఆయన సలహాలతోనే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో కొంత అడవిని చెంచుల కోసం రిజర్వుగా పెట్టింది.

ఆయనతో మాకు పేచీ లేకపోలేదు. దక్కన్‌లో అతి పాత మనుషుల జీవితం ఎట్లా ఉండేదో చెంచులను చూస్తే తెలుస్తుందన్న చూపు ఆ పుస్తకంలో ఉంది. మనల్ని చూసినప్పుడు గడియారం ఆగిపోయిందని అనుకున్నట్టుంది. మన తాతలకు 1940 అంటే 1940నే. అప్పటికే వాళ్లు తేనె, చింతపండు, జిగురు అమ్మి ఉప్పు, బట్ట, ఇనప ముక్కలు తెచ్చుకుంటున్నారు. ఆ ఇనుముతోనే బాణాల మొనలు. అడవిలో ఉన్నంత మాత్రాన లోకంతో లెక్కలు లేనట్టు కాదు.

తర్వాత ఆయన నల్లమల నుంచి గోదావరి కొండలకు, అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు, చివరికి 1950లలో హిమాలయాలకు వెళ్లాడు. ఎవరెస్టు కింది లోయల్లో షెర్పాల మధ్య ఉండి, 1964లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. షెర్పా అంటే వాళ్ల భాషలో 'తూర్పువాళ్లు' అని అర్థం. కొన్ని వందల ఏళ్ల కింద టిబెట్ తూర్పు భాగం నుంచి మంచు కనుమలు దాటి నేపాల్ వచ్చారు. వాళ్లలో వంశాలున్నాయి, ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు. ఇప్పుడు ఆ పేరు ఏమైందో చూడండి. ఎవరెస్టు ఎక్కేవాళ్ల బరువు మోసే మనిషిని ఎవరినైనా షెర్పా అంటున్నారు. ఒక జనం పేరు ఒక కూలిపని పేరైపోయింది. మన పేరూ ఆ దారిలోనే ఉంది. సభల్లో విల్లు పట్టుకుని అతిథిని స్వాగతించడానికి నిలబెట్టే మనిషి పేరు చెంచు. అవతల మంచుకొండ, ఇవతల నల్లమల, జరుగుతున్నది మాత్రం ఒక్కటే.

పుట్టుక నెత్తురులో తెలుస్తుందని అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి. 2003లో శాస్త్రవేత్తలు చెంచుల, కోయల జన్యువులను పరీక్షించి, కులాల వాళ్ల జన్యువులతో పోల్చి, ఒక అమెరికా జన్యుశాస్త్ర పత్రికలో అచ్చువేశారు. తేలిందేమంటే, ఈ దేశపు తెగలకూ కులాలకూ పునాది చాలావరకు ఒక్కటే. వేల వేల ఏళ్ల కింద ఇక్కడికి చేరిన తొలి మనుషుల వారసత్వం ఇద్దరిలోనూ ఉంది. అంటే బల్ల అవతల కూర్చున్నాయనకూ, ఇవతల నిలబడిన పిల్లకూ ఎక్కడో వెనకాల ఒకే అవ్వ. 'మీరే ఈ దేశపు మొదటి మనుషులు' అని పొగిడేవాళ్లకూ, 'మీరు మాలాంటివాళ్లు కాదు' అని దూరం పెట్టేవాళ్లకూ ఆ పరీక్షలో ఆధారం దొరకదు.

చట్టం ఏమంటుందో మీకు కచ్చితంగా తెలిసుండాలి, ఎందుకంటే ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరే. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులో హైదరాబాద్ రాష్ట్రానికి ఇచ్చిన షెడ్యూల్డ్ తెగల జాబితాలో 'చెంచు లేదా చెంచ్‌వార్' అని ఉంది. తెగను గుర్తించడానికి 1965లో లోకూర్ కమిటీ ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా విడిగా ఉండటం, ఇతరులతో కలవడానికి బిడియం, వెనకబాటుతనం. బిడియాన్ని కూడా ఒక గుర్తుగా రాశారు! మా హాస్టల్ పిల్లలు రాత్రి పదింటి దాకా చేసే అల్లరి ఆ కమిటీ చూసి ఉంటే ఏమనేదో. 1975లో కేంద్రం కొన్ని తెగలను 'ఆదిమ తెగలు' అని విడిగా లెక్కించింది. అందులో మనమూ ఉన్నాం. మన కోసమే 1976లో శ్రీశైలం ఐటీడీఏ వచ్చింది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు మన్ననూరులో వేరే ఏర్పడింది. 2006లో ఆ 'ఆదిమ' అనే మాట తీసేసి 'ప్రత్యేకంగా దుర్బలమైన తెగలు' అన్నారు. ఇప్పుడు దేశం మొత్తం మీద అవి 75. తెలంగాణలో మనతో పాటు కోలాములు, తోటీలు, కొండరెడ్లు.

ఆ ఐదు లక్షణాలు తెగను జాబితాలో చేర్చేటప్పుడు చూసేవి. ఒక పిల్ల జాబితాలో ఉన్న తెగకు చెందిందా లేదా అన్నది వేరే ప్రశ్న. సంస్కృతి, ఆచారాలు సరిపోయాయా లేదా అనే పరీక్ష ఒక్కటే కొలమానం కాదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మహారాష్ట్ర కేసులో స్పష్టం చేసింది. చదువుకున్నవాళ్లు, పట్నాల్లో ఉన్నవాళ్లు పాత ఆచారాలు చెప్పలేకపోవచ్చు, అంతమాత్రాన తెగకు చెందనివాళ్లు అయిపోరు. పాత కాగితాలకు, ముఖ్యంగా రాజ్యాంగానికి ముందరి రికార్డులకు, విలువ ఎక్కువ. కాబట్టి ఇంట్లో తాతల నాటి ఏ కాగితమున్నా, రేషన్ కార్డుగానీ, బడి రిజిస్టరు నకలుగానీ, భద్రపరచండి. విల్లు పట్టడం రాకపోయినా ఫరవాలేదు.

ఇదంతా బయటివాళ్ల లెక్క. మన లెక్క వేరే ఉంది. ఏ పెంటకైనా కొత్త మనిషి వచ్చి అరుగు మీద కూర్చుంటే మన అవ్వలు మొదట అడిగేది ఊరు కాదు, చదువు కాదు. "మీరెవరోళ్లు?" అంటారు. నిమ్మలోళ్లా, చిగుర్లోళ్లా, ఉడతనూరోళ్లా, దాసరోళ్లా, మండ్లోళ్లా, తోకలోళ్లా, భూమనోళ్లా, అర్తోళ్లా అని. ఆ ఒక్క జవాబుతో ఎదుటి మనిషి అన్న వరసా, బావ వరసా తేలిపోతుంది. ఒకే కులంలో పెళ్లి లేదు. మన నోట్లో 'కులం' అంటే ఇది. ఫారంలో 'కులం' అన్న గడిలో మాత్రం చెంచు అని రాస్తాం. మా హాస్టల్‌కు కొత్తగా వచ్చిన ఒక చిన్నపిల్ల ఆ గడిలో 'నిమ్మల' అని రాసింది. తప్పు రాశావని దిద్దించాం. ఆ రాత్రి పడుకున్నాక గానీ అర్థం కాలేదు, పిల్ల రాసిందే మన వైపు నుంచి సరైనదని.

ఈ కులాల లెక్క పెళ్లిళ్లతో ఆగదు. కొండచరియకు పట్టిన పెద్ద తేనె కోసం మగమనిషి తాడు మీద కిందికి దిగినప్పుడు పైన తాడు పట్టుకునేది సొంత అన్నదమ్ముడు కాదు, బామ్మర్ది. తన అక్కో చెల్లో బతుకు ఆ తాడుకే వేలాడుతుంటుంది కాబట్టి వదలడని పెద్దలు చెబుతారు. అంటే ప్రాణం కూడా వేరే కులంవాళ్ల చేతిలో పెడతాం. అడవిలో ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఏరుకోవాలి అన్నదీ ఈ చుట్టరికాలతోనే నడిచింది. తండ్రి పెంటలో ఉండొచ్చు, తల్లివైపు వాళ్ల దగ్గరికి పోవచ్చు, భార్య పుట్టింటి పెంటలో గుడిసె వేసుకోవచ్చు. ఎక్కడికి పోయినా ఎవరోళ్లో చెప్పగలిగితే చాలు, నీళ్ల దగ్గర చోటు దొరికేది. మనం ఎవరమన్న ప్రశ్నకు మా జవాబు ఇదే. మనం ఎక్కడి నుంచో వచ్చిన జనం కథ కాదు. ఒకరికొకరం ఏమవుతామో తెలిసిన కొన్ని కులాలం, ఆ కులాలను మోసే కొన్ని పెంటలం. ఈ రెండూ ఉన్నన్నాళ్లు వేరే రుజువు అక్కర్లేదు. భయమల్లా రెండోదాని గురించే.

1983లో మన అడవి పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా విడిగా నడుస్తోంది. పులి ఉండాలి, అందులో మనకు భేదం లేదు, దానితో మనకు పాత పరిచయమే. అప్పాపూర్ లాంటి లోపలి పెంటల వాళ్లను బయటికి రమ్మనే మాట మాత్రం ఏళ్ల తరబడి వినబడుతూనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనలాంటి తెగలకు ఒక్కో ఇంటికి నాలుగు హెక్టార్ల దాకా పట్టా గురించే చెప్పలేదు, మొత్తం ఆవాసం మీద హక్కు అని విడిగా ఒక మాట రాసింది. ఆ మాట మన పెద్దల్లో చాలామందికి ఇంకా చేరలేదు. చదువుకున్న మీరే చేర్చాలి. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల అంతా లేచింది, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు పట్నంలో ర్యాలీలకు పోయిన పిల్లల్లో మా హాస్టల్ వాళ్లూ ఉన్నారు.

హాస్టల్‌కు దగ్గర్లో మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన చోటు, ఇప్పుడు కృష్ణజింకల పార్కు. మన ఫర్హాబాద్ కొండ కూడా నిజాం వేట విడిదే కదా. ఒక ఆదివారం పిల్లలను తీసుకెళ్లాం. కంచె, టికెట్టు కిటికీ, బోర్డులు అన్నీ చూసి నల్లమల పిల్ల ఒకతి, "ఇక్కడ చెంచులు లేరా మేడం? మరి జింకలను ఎవరు చూసుకుంటరు?" అంది. వెంట ఉన్న పట్నం పిల్లలు పకపకా నవ్వారు. అడవి అంటే మనుషులు కూడా ఉండే చోటని ఆ పిల్లకు తెలుసు. నవ్వినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. హయత్‌నగర్ పేరు కూడా గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం నుంచి వచ్చింది. మూడున్నర శతాబ్దాలు దాటినా ఆమె పేరు బస్సు బోర్డు మీద ఉంది. ఖాళీ అయిన పెంట పేరు ఏ బోర్డు మీదా ఉండదు, పిలిచేవాళ్లు లేచిపోతే దానితోనే పోతుంది.

హైమండార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి, చాలావాటిని ఫోనులోనే చూడొచ్చు. కంప్యూటర్ గదిలో ఒక సాయంత్రం పిల్లలకు చూపించాం. 1940ల నాటి చెంచు ఆడవాళ్లు, గుడిసెలు, గడ్డలు తవ్వే కర్రలు. ముఖాలు ఎవరికీ తెలియలేదు. కానీ ఒక ఫోటోలో వెనకాల ఉన్న బండను చూసి ఒక పిల్ల లేచి నిలబడింది. దాని కిందే తమ ఊట ఉందని, ఎండాకాలం కూడా ఎండదని చెప్పింది. ఆ బండ అదేనో కాదో తేల్చే దారి మాకు లేదు. పిల్ల మాత్రం వెంటనే తన అవ్వకు ఫోను చేసి, ఆ ఊటకు పేరేంటని అడిగింది.

అప్పటి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. మూడు గడులు గీశాం. మీరెవరోళ్లు, ఏ పెంట, నీళ్లు ఎక్కడ. సెలవులకు పోయి వచ్చిన ప్రతి పిల్లా అడిగి తెలుసుకున్నది అందులో రాయాలి. మొదటి గడి త్వరగా నిండింది. రెండోది కూడా పర్వాలేదు, కొన్ని పెంటల పక్కన 'ఇప్పుడు ఎవరూ లేరు' అని పిల్లలే రాశారు. మూడోదానిలో ఖాళీలు చాలా ఉన్నాయి. వాగులకు, ఊటలకు పేర్లు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నది ఆవలి ఒడ్డు పిల్లలు ఇది చదువుతుంటే మీ వైపు కూడా ఇట్లాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. ఇంటిపేర్లు కలుస్తాయి, చూడండి.

సర్టిఫికెట్ కోసం మాతో వచ్చిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చివరి ఏడాది. మొన్న దసరా ముందు ఆ నోట్‌బుక్ కోసం వాళ్ల అవ్వతో స్పీకర్ పెట్టి మాట్లాడించింది. అవ్వ ఊటల పేర్లు ఐదు చెప్పి, ఆరోది గుర్తురాక ఆగిపోయింది. మధ్యలో మా గొంతు వినబడేసరికి, ఎవరు బిడ్డా అది అంది. హాస్టల్ వార్డెన్ అని పిల్ల చెప్పింది. వార్డెనుంటే ఉండనీ, ఎవరోళ్లు అని మళ్లీ అడిగింది. చెప్పాం. కాసేపు ఫోన్లో ఏమీ వినబడలేదు, లోపల వేళ్లు మడిచి లెక్క వేసుకుంటున్నట్టుంది. "అట్లయితే నాకు కోడలు వరసైతవు గదనే" అంది. "అన్నం తిన్నవా?"